ఇరవై ముఖాల పాచిక, ఒక డబ్బా ఉరుము

మా పెద్దమ్మ కొడుకు బెంగుళూరులో ఇంజనీరింగు చదివేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి నాకు అన్న. సెలవులకు ధర్మవరంలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఏదో ఒక కొత్త పిచ్చి వెంట తెచ్చేవాడు. ఒకసారి గిటారు తెచ్చాడు, ఒకసారి గడ్డం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక వేసవిలో మాత్రం జిరాక్సు కాగితాల కట్ట ఒకటి, నీలం రంగు పాచిక ఒకటి తెచ్చాడు. ఆ పాచికకు ఇరవై ముఖాలు. అటువంటిది నేను అంతకుముందు చూడలేదు. నేరేడు పండంత ఉండేది.

అది బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటట. బోర్డు లేదు, పావులు లేవు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు ఆ కథలో మనుషులైపోతారు. ఒక వీరుడు, ఒక మాంత్రికురాలు, ఒక దొంగ. "నేను గుహ తలుపు పగలగొడతా" అంటే పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే తలుపు పగులుతుంది, చిన్న అంకె పడితే భుజం విరుగుతుంది. అంతే ఆట.

నేను అప్పటికి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి నాయన అంగట్లో కూర్చుంటున్నాను. రేడియోలు, టీవీలు, టేప్ రికార్డర్లు రిపేరు చేసే అంగడి. మా ఇంటి ముందుగదే అంగడి. మాది మగ్గాల వీధి. ఎదురింట్లో పట్టుచీరలు నేసే మామ ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు, వీధి వరసకు మామ. ఆయనకు ఆట అంటే ఎంత ఇష్టమో మగ్గం గుంతలో నుంచి లేచి రావడానికి సాకు అంటే అంతకు రెండింతలు ఇష్టం. అన్న కథ చెప్పేవాడు. నేను మాంత్రికురాలిని. మామ దొంగ. మా అంగడి అరుగు మీద ఆట మొదలైంది.

మూడో రోజు మామ కాస్త గట్టిగా విసిరేసరికి పాచిక అరుగు మీద నుంచి దొర్లి వీధిలో పడింది. అటుగా పోతున్న మేక ఒకటి దాన్ని చూసింది, వాసన కూడా చూడకుండా మింగేసింది.

అన్న రెండు రోజులు ఆ మేక వెంట తిరిగాడు, చేతిలో ఒక పుల్ల పట్టుకుని. మేకలాయన నవ్వలేక చచ్చాడు.

"ఏమప్పా, ఇంజనీరింగు సదువుతాండావని చెప్పిరే, ఇదేనా ఆ సదువు?"

"నా పాచిక అన్నా, నీ మేక తినింది."

"ఇనుము దిన్నా అరిగించుకుంటాది నా మేక. నీ పాచిక ఒక లెక్కా!"

పాచిక దొరకలేదు. ఇంకోటి కొనాలంటే బెంగుళూరు పోవాలి. అన్న మొహం చూడలేక నేనే అన్నాను, "నేను చేసిస్తాలే అన్నా" అని. అన్నాక భయమేసింది. అప్పటిదాకా నేను ఇతరులు చేసినవాటిని బాగుచేయడమే గాని, లేనిదాన్ని చేసింది లేదు.

ఇరవై ముఖాలకు బదులు ఇరవై చిన్న లైట్లు అనుకున్నాను. మీట నొక్కితే లైట్లు ఒకదాని తర్వాత ఒకటి కంటికి అందనంత వేగంగా గుండ్రంగా తిరగాలి, వదిలితే ఏదో ఒకటి వెలిగి నిలిచిపోవాలి. లైట్లు పాడైన టేప్ రికార్డర్ల నుంచి పీకాను. అందుకే కొన్ని ఎరుపు, కొన్ని పచ్చ, రెండు పసుపు. లెక్కపెట్టే ఐసీలు అనంతపురంలో దొరికాయి. పెట్టడానికి గుండ్రటి మూత కావాలి. అమ్మ పోపుల డబ్బా ప్లాస్టిక్ మూత సరిగ్గా సరిపోయింది. అమ్మకు చెప్పకుండా సోల్డరింగ్ ఐరన్‌తో దానికి ఇరవై బెజ్జాలు పెట్టి, పక్కన అంకెలు రాశాను. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంట్లో ఆవాలకు మూత లేదు. అమ్మ నన్ను పేరు పెట్టి పిలవలేదు, "మూత దొంగా" అనే పిలిచింది.

అది మొదటిసారి వెలిగి, తిరిగి, పదకొండు దగ్గర నిలిచినప్పుడు నేను ఎగిరి గంతేసిన మాట నిజం. చాలా టీవీలకు బొమ్మ తెప్పించాను గాని ఈ సంతోషం వేరు.

కానీ నాలుగు ఆటలు కాకముందే మామకు అనుమానం వచ్చింది.

"ఏం పాపా, నీకే ఎప్పుడూ పెద్ద అంకె పడతాంది? నాకు మూడు, నాలుగు. నువ్వు చేసిన మిషను నీ మాటే ఇంటాది గదా!"

"అట్లేం లేదు మామా. కావాలంటే లెక్కేసి చూపిస్తా."

లెక్కకు వేరుశనక్కాయలు తీసుకున్నాను. అరుగు మీద సుద్దతో ఇరవై గళ్లు గీశాను. ఏ అంకె పడితే ఆ గడిలో ఒక కాయ పెట్టాలి. వందలసార్లు నొక్కితే అన్ని కుప్పలూ ఇంచుమించు సమానంగా రావాలి. నేను నొక్కుతాను, నాయన కాయలు పెడతాడు. నాయనకు ఈ ఆట నచ్చేది కాదు, "దెయ్యాల ఆట" అనేవాడు. కానీ పరీక్ష అంటే ఇష్టం. ఏ వస్తువైనా రిపేరు చేశాక గంటసేపు ఆడించి చూడందే ఇచ్చే మనిషి కాదు.

సాయంత్రానికి చూస్తే ఒకటి నుంచి ఐదు దాకా కుప్పలు బక్కచిక్కి ఉన్నాయి. మిగతావి దిట్టంగా ఉన్నాయి. మామ చేతులు కట్టుకుని నా వైపు చూశాడు. తలెత్తలేకపోయాను.

రెండు రోజులు దాన్ని విప్పి కూర్చున్నాను. కెపాసిటర్లు మార్చాను, అతుకులన్నీ మళ్లీ వేశాను, ఐసీలు అటుదిటు చేశాను. మళ్లీ పరీక్ష, మళ్లీ అవే ఐదు కుప్పలు బక్కవి. మూడోసారి నొక్కుతూ ఉండగా ఎందుకో పక్కకు చూశాను. నాయన ఎడమచేత్తో గడిలో కాయ పెడుతున్నాడు. కుడిచేత్తో తనకు దగ్గరగా ఉన్న కుప్పలో నుంచి ఒకటి తీసి, ఒలిచి, నోట్లో వేసుకుంటున్నాడు. ఒలిచిన పొట్టు అంతా ఆయన ఒళ్లోనే ఉంది.

"నాయనా!"

ఆయన నమలడం ఆపి తప్పంతా నాదేనన్నట్టు చూశాడు. "ఏంచినవి పెడితే ఎట్లమ్మే? పచ్చివి పెట్టింటే తిందునా?"

మామ ఆ రోజు నవ్వి నవ్వి అరుగు మీద పడుకున్నాడు. పాచిక నిర్దోషి అని అందరూ ఒప్పుకున్నారు.

దానితో నాకు ధైర్యం వచ్చింది. అన్న కథలో రాక్షసుడు వచ్చే ఘట్టం దగ్గరపడుతోంది. రాక్షసుడు వస్తే ఉరుములు ఉరమాలి, గుహ అదరాలి. మా వీధిలో ఏ రాక్షసుడు వచ్చినా వినపడేది మగ్గాల టకటకలే. సరే, ఉరుము కూడా చేద్దామనుకున్నాను.

ఖాళీ నూనె డబ్బా అడుగుకు పొడుగాటి స్ప్రింగు ఒకటి బిగించాను. స్ప్రింగును గోటితో మీటితే డబ్బాలో నుంచి దూరాన ఉరిమినట్టు సన్నగా వినిపించేది. పాత రికార్డు ప్లేయరు ముల్లు ఒకటి డబ్బాకు తగిలించి, వైర్లు తెచ్చి ఆంప్లిఫయర్‌కు కలిపాను. ఆ ఆంప్లిఫయర్ పెళ్లిళ్లకు మైకుసెట్టు పెట్టే ఆయనది. సోమందేపల్లె నుంచి రిపేరుకు తెచ్చి ఇచ్చాడు. బాగుచేయడం అయిపోయింది, నాయన అలవాటు ప్రకారం ఆడించి చూడాలి కూడా. దాంతో వచ్చిన లౌడ్‌స్పీకరు హారను అరుగు మీద పెట్టి వీధి వైపు తిప్పాను. శబ్దం ఎంత ఉంచాలో ఆలోచించలేదు.

అది మధ్యాహ్నం మూడు గంటల వేళ. వేసవి దాటింది, వాన మాత్రం రాలేదు. మబ్బులు రోజూ వచ్చేవి, నల్లగా నిలబడేవి, బళ్లారి వైపు పోయేవి. ఆ రోజు కూడా మబ్బు పట్టి ఉంది. వీధి పొడవునా నేతగాళ్లు పట్టు పడుగులు సాగదీసి తెగిన పోగులు అతుకుతున్నారు. ఒక్క చినుకు పడినా ఆ పట్టు పాడైపోతుంది.

నేను స్ప్రింగును మీటాను.

ఉరిమింది. వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా దొర్లుకుంటూ పోయి మళ్లీ వెనక్కు వచ్చినట్టుంది. తర్వాత అరుపులు. "వాన! వాన! పడుగు ఎత్తండి!" మగ్గాలన్నీ ఒక్కసారి ఆగాయి. ఇళ్లలో నుంచి ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఒకరు పడుగు చుడుతున్నారు, ఒకరు వడియాలు ఎత్తుతున్నారు, ఒకాయన సైకిలును ఇంట్లోకి తోస్తున్నాడు. ఎదురింటి అవ్వ, మామ వాళ్లమ్మ, వీధి నడిమధ్యకు వచ్చి అరచేయి చాపి నిలబడింది.

చినుకు పడలేదు. అందరూ పైకి చూశారు. తర్వాత ఒక్కొక్కరే మా అరుగు మీద హారను వైపు చూశారు.

"ఉరిమింది మీ అంగట్లోనా?" అన్నాడు మామ. గొంతులో ఆట లేదు. "పదైదు పోగులు తెగినాయి, సూడు."

నాయన నా తరఫున మాట్లాడబోతే ఆపి, వీధి దాటి మామ పడుగు దగ్గర కూర్చున్నాను. తెగిన పోగులు ఎట్లా అతకాలో ఆయన ఒకసారి చూపించాడు. వెంట్రుకంత పోగు, బొటనవేలితో మెలి తిప్పి కలపాలి. సాయంత్రం దాకా కూర్చున్నాను. ఐదో పోగు దగ్గర మామ తొంగి చూసి, "సోల్డరింగు ఏలు కదా, నిలకడగానే ఉండాది" అన్నాడు. కోపం తగ్గిందని అప్పుడు తెలిసింది.

అవ్వ మాత్రం నా పక్కనే అరుగు మీద కూర్చుని ఉంది. చివరి పోగు అయ్యాక నా భుజం తట్టింది.

"పాపా, మళ్లా ఒగసారి ఉరమనీ."

"వద్దవ్వా, అందరూ తిడతారు."

"తిట్టనీ. నిజెమే అనుకుంటి నేను. ఆ సద్దు ఇని ఎన్నాళ్లాయనో."

మరుసటి రోజు మా అమ్మ ఇంటింటికీ పోయి, "మా పాప ఉరిమిస్తాంది, ఎవురూ జడుసుకోవద్దండి, పడుగులు ఎత్తొద్దండి" అని ముందే చెప్పి వచ్చింది. ఈసారి శబ్దం సగానికి తగ్గించాను. మీటాను. అవ్వ కళ్లు మూసుకుని విన్నది. ఎవరూ తిట్టలేదు. చాలామంది అరుగుల మీదకు వచ్చి నిలబడి విన్నారు. ఎవరో "ఇంగోటి!" అన్నారు. మొత్తం ఐదుసార్లు ఉరిమించాను.

ఆ జనం అట్లాగే ఆట చూడటానికి నిలబడిపోయారు. అందరూ చూస్తుంటే నాయన కూడా ఊరుకోలేకపోయాడు. "నన్నూ సేర్చుకోండి" అన్నాడు. వీరుడిగా ఉండమంటే ఒప్పుకోలేదు. కత్తి వద్దన్నాడు. కథలో కూడా తాను రిపేరు చేసేవాడే అన్నాడు. అన్నకు ఒప్పుకోక తప్పలేదు, చిన్నాయన మాట కదా.

రాక్షసుడు వచ్చాడు. నేను ఉరుము ఉరిమించాను. అన్న గొంతు మార్చి, "నా గుహలో అడుగుపెట్టిన వాళ్లను నమిలేస్తాను" అన్నాడు. మామ కత్తి దూస్తానన్నాడు. నేను మంత్రం వెతుకుతున్నాను.

నాయన చేయి పైకెత్తాడు. "ఉండండప్పా. ఏం, ఎందుకు అరుస్తాండావు నువ్వు? ఏమొచ్చె నీకు?"

"చిన్నాయనా, రాక్షసున్ని అట్ల అడగరు!"

"ఎందుకు అడగగూడదు? అంగడికి అరుసుకుంటా వచ్చేటోళ్లను రోజూ సూస్తాండా. అడుగుతే సెప్తారు. నొక్కుమ్మే పాచిక."

నొక్కాను. పంతొమ్మిది. జనం ఈల వేశారు. అన్న కాగితాలన్నీ తిరగేశాడు. అంత పెద్ద అంకె పడితే రాక్షసుడు జవాబు చెప్పక తప్పదు. చివరికి నీరసంగా, తనకు వందేళ్లుగా నిద్ర లేదని, గబ్బిలాల రొద పడలేకపోతున్నానని ఒప్పుకున్నాడు. నాయన గబ్బిలాలు పోయే దారి అడిగాడు, గుహ పైన ఒక కిటికీ పెట్టించాడు, రాక్షసుణ్ణి పడుకోబెట్టాడు. నాలుగు రోజులు ఆడాలని అన్న రాసుకున్న యుద్ధం ఐదు నిమిషాల్లో అయిపోయింది. అన్న ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

తర్వాత బెంగుళూరులో అన్న స్నేహితులు పాచిక చూసి తమకూ కావాలన్నారు. ఆ ఏడాది ఒక్కొక్కటే చేస్తూ పదకొండు చేశాను. ఈసారి మూతలు కొని తెచ్చుకున్నాను. ఈ అంగట్లో రిపేరు కాకుండా కొత్తగా తయారైన సామాను అదే మొదలు.

మరుసటి సెలవులకు అన్న పట్టుదలగా కొత్త కథ రాసుకొచ్చాడు. ఇందులో రాక్షసుడికి చెవుడు. ఎవరు ఏం అడిగినా వినపడదు, యుద్ధం చేయాల్సిందే. ఆ సంగతి చెబుతూ నాయన వైపు గర్వంగా చూశాడు.

నాయన కళ్లజోడు పెట్టుకుని, చేయి చాపాడు.

"చెవిమిషను యాడుండాది వానిది? ఇట్ల తే, సూస్తా."