ఉత్త తుపాకి

పొద్దున మా పాప కాగితమేదీ లేకుండా కత్తెర ఆడిస్తుంటే, "ఉత్త కత్తెర ఆడించకు" అని కసిరాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. అది నా మాట కాదు, మా అత్తయ్యది.

లాక్‌డౌన్ నాటికి మేం అత్తయ్యతో, ఆడపడుచుతో కలిసి సూరత్ పక్కన హజీరాలో కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. అత్తయ్యది కరీంనగర్ పక్క పల్లె. మా ఆడపడుచు మాత్రం సూరత్‌లోనే పెరిగిన పిల్ల, రైఫిల్ షూటర్. షూటింగ్ రేంజి మూతపడింది. ఆ ఏడు ఎంపిక కాకపోతే వయసు దాటి జూనియర్ జట్టు ఆశ వదులుకోవాల్సిందే. అందుకని హాల్లో చాప మీద బోర్లా పడుకుని, తూటా లేని రైఫిల్‌తో గోడ మీది చుక్కకు గురిపెట్టి పూటంతా ట్రిగ్గర్ నొక్కేది. టక్, టక్. వంటింట్లో నా గరిటె కూడా ఆ తాళానికే తిరిగేది. అత్తయ్య ఊరుకుంటారా? "ఉత్త కత్తెర ఆడిస్తెనే ఇంట్ల లొల్లయితది. ఇగ ఉత్త తుపాకి గూడ షురూ చేసినవా బిడ్డా?" అనేవారు. "టెన్షన్ మత్ లో అమ్మా, ఏం గాదు," అనేది పిల్ల.

ఒకరోజు ఫోన్లో ఈ సంగతి విని కోచ్ పెట్టిన చీవాట్లు నా దాకా వినిపించాయి. ఈ పాయింట్ టూటూ (.22) తూటాకు నిప్పంటించే మందు అడుగు అంచులో ఉంటుందట, రైఫిల్ లోపలి సూది ఆ అంచు మీదే కొడుతుందట. తూటా లేకపోతే దెబ్బ గొట్టం అంచుకు తగిలి సొట్ట పడుతుంది, ఆపైన తూటాలు ఇరుక్కుంటాయి. కొన్ని కొత్త రైఫిళ్లకు ఏమీ కాదు గానీ మాది పాతది. పేలిన తూటా ఖోకా, అంటే ఖాళీ తొడుగు, ఒకటి లోపల పెట్టి, ప్రతిసారీ కాస్త తిప్పుకుంటూ కొట్టాలట, అప్పుడు దెబ్బ ఖోకా అంచే కాస్తుందట. మావారు టార్చి వేసి చూస్తే అంచున సన్నటి గీత కనిపించింది. "ఖరాబైందా అన్నా?" అని అడిగి, జవాబు వినకుండానే ఏడ్చింది. ఉన్నది ఆ ఒక్క రైఫిలే.

ఖోకాలు తెద్దామంటే రేంజికి తాళం. అత్తయ్య లేచి, దేవుడి గూట్లోంచి ఒక భరిణె తెచ్చి చాప మీద బోర్లించారు. అన్నీ ఇత్తడి ఖోకాలు! మొదటి పోటీ రోజు పిల్ల జేబులో వేసుకొచ్చినవి, బట్టలు ఉతుకుతుంటే దొరికాయట. ఒక్కోదానికీ పసుపు బొట్టు. "నీ మొదటి కష్టం బిడ్డా, పారేయబుద్ధి గాలే," అన్నారు. తల్లీకూతుళ్లు పాత చీర పీలికతో ఆ పసుపంతా తుడిచారు. ప్రతిదీ పేలిందేనని సూది గుర్తు చూసి మరీ మావారు ఒకటి లోపల పెట్టారు. సాఫీగా దిగింది, సాఫీగా బయటికొచ్చింది.

చలికాలం పోటీల్లో రైఫిల్ మొరాయించలేదు. పిల్లకు జట్టులో చోటు దొరికింది. మరుసటి ఎండాకాలం అత్తయ్య కోవిడ్‌తో వెళ్లిపోయారు. ఆ ఖోకాలు ఇప్పుడు నా దగ్గరున్నాయి, వాటి అంచుల్లో దెబ్బ తగలని చోటే లేదు. కాలం కొట్టే దెబ్బలకు అడ్డంగా మన ఇళ్లలో ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లు ఉన్నన్నాళ్లూ మనకు ఆ సంగతి తెలియదు.