నొప్పి అందరికుండేదేనంట

పద్నాలుగేండ్లప్పుడు మొదలైంది. నెలసరి వచ్చిన మొదటి రెండు దినాలు పొత్తికడుపును లోపల్నుంచి ఎవరో పిండినట్టుండేది. నడుము, తొడలు గుంజేవి, వాంతులయ్యేవి. వనపర్తిల ఇంటర్ చదివేటప్పుడు నెలకు మూడు దినాలు కాలేజీ ముఖం చూడకపోతుంటి.

"అందరికుండేదే. నువ్వొక్కదానివేనా ఆడపిల్లవు?" అనేది మా పెద్దమ్మ.

అమ్మ మాత్రం వాము, శొంఠి మరగబెట్టి, బెల్లమేసి తాపేది. కడుపు మీద ఆముదం రాసి, వెచ్చజేసిన జిల్లేడాకు పెట్టి గుడ్డ కట్టేది. అబద్ధం చెప్ప, ఆ వేడికి జరసేపు నిద్ర పట్టేది. లేస్తే మళ్ల అదే నొప్పి. ఊర్లె డాక్టరు దగ్గరికి తీస్కపోతే, కడుపు ముట్టి గూడ చూడలే. "పెండ్లయితే పోతదమ్మా" అన్నడు.

రెండువేల సంవత్సరం దాటినంక పెండ్లయింది. గద్వాల దిక్కు, గట్టు మండలంల ఊరు, విత్తనాల కోసం సీడుపత్తి పండించే ఇల్లు. నొప్పి పోలే, రెండింతలైంది. "పిల్లలైతే పోతది" అన్నరు. పిల్లలే కాలే. ఇగ అప్పట్నుంచి నొప్పి మాట ఎవ్వరూ ఎత్తలే. నేను మెలికలు తిరుగుతున్నందుకు కాదు, నెల తప్పనందుకు ఇంట్ల అందరి మొఖాలు మాడేవి.

పత్తిపూలను చేత్తోని సంకరం చేసే క్రాసింగ్ దినాలల్ల ఒక్క పూట ఆగేది లేదు. సాయంత్రం మొగ్గలు గిల్లాలె, తెల్లారి మగపూలు తెచ్చి వాటికి రుద్దాలె. ఒకనాడు నిలబడలేక సాళ్ల నడుమ కూలబడ్డ. అత్తమ్మ వచ్చి, "నాటకాలు చాలు, పూలు వాడిపోతున్నయి, లేవే" అన్నది. ఆ వారంలనే మా ఎద్దు ఒక్క పూట మేత ముట్టలే. మా ఆయన బండేసుకొని పోయి, పశువుల డాక్టరును ఎనకాల కూసోబెట్టుకొని తెచ్చిండు. నేను గోడకానుకొని చూసిన. ఎద్దు మీద నాకు కోపం లేదు.

తర్వాత అత్తమ్మ అచ్చంపేట దిక్కు నుంచి ఒక మూలికల మనిషిని పిలిపించింది. నాడి పట్టి నల్లటి పొడి ఇచ్చిండు.

"ఇందుల ఏమున్నది?" అని అడిగిన.

"చెప్తే మందు పనిచేయదు తల్లీ. నలభై దినాలు మింగు. కడుపు శుద్ధమైతది."

ఒళ్లు మండింది. నా కడుపేమన్న ఎంగిలి గిన్నెనా?

"ఎదురు మాటలేంది? మింగు" అన్నది అత్తమ్మ. మా ఆయన దిక్కు చూసిన. చెప్పులేసుకొని బయటికి పోయిండు.

అమ్మ తాపిన కషాయంల ఏముందో నాకు తెల్సు, అన్నీ వంటింటి డబ్బాలల్లయే. ఈ పొడిల ఏముందో మింగేదానికే చెప్పరు. ఇరవై దినాలు దాటంగనే అన్నం వాసన గిట్టలే, కండ్లు పచ్చబడ్డయి. గద్వాల దవాఖానల రక్తం చూసి, "ఏం మింగినవమ్మా? లివర్ దెబ్బతిన్నది" అన్నరు. అత్తమ్మేమో, "పథ్యం తప్పి ఉంటది" అన్నది. తప్పు మళ్ల నాదే!

కామెర్లు తగ్గినంక పుట్టింటికి పోయిన. అమ్మ నన్ను చూసి ఏడ్వలే. చీర మార్చుకొని, సంచి పట్టుకొని, "నడు" అన్నది. ఇద్దరం కర్నూలు బస్సెక్కినం.

ఆడ డాక్టరమ్మ అంతా విని, "ఇన్నేండ్లల్ల ఒక్కరన్న స్కానింగ్ రాసిన్రా?" అని అడిగింది. ఒక్కరు రాయలే. అండాశయాల మీద పాత రక్తం నిండిన గడ్డలున్నయంట. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర బయట గూడ పెరిగి, నెలనెలా ఆడ గూడ రక్తం కారుతదంట. ఎండోమెట్రియోసిస్. ఆ పేరు మూడుసార్లు చెప్పించుకున్న. ఇన్నేండ్లు నన్ను నాటకాలదాన్నన్నరు గదా, ఆ నాటకానికి డాక్టర్ల పుస్తకాలల్ల పేరుండె!

అమ్మ భయపడుకుంట, "వాము నీళ్లు తాపితే తప్పయిందా మేడం?" అన్నది.

"తప్పేం లేదమ్మా. వేడి కాపడం గూడ పెట్టొచ్చు, నొప్పికి జర ఆసరా. గడ్డలు మాత్రం వాటితోని కరగవు. ఏముందో తెల్వని పొడులు ముట్టొద్దు."

ఆపరేషన్ చేసి గడ్డలు తీసిన్రు, గోళీలు రాసిన్రు. నొప్పి పూర్తిగ పోలే. నెలకొకనాడు ఇప్పటికీ పండుకుంట. పిల్లలు కాలే. కాని మిగిలిన దినాలు నావి.

అత్తగారి ఊరికొచ్చిన కొన్ని నెలలకు, అత్తమ్మ వాకిట్ల పక్కింటామెతోని చెప్తుంటే విన్న.

"ఆ పొడితోనే మా కోడలు లేచి తిరుగుతున్నది. నీ బిడ్డకు గూడ తెప్పిద్దాం."

చేతిల చాట కింద పెట్టి బయటికి పోయిన. కొంగు జరిపి కడుపు మీది కుట్లు చూపిచ్చిన.

"పొడి మింగితే గిట్ల కుట్లు పడ్తయా అత్తమ్మా?"

అత్తమ్మ లేచి లోపలికి పోయింది. పక్కింటామె కుట్ల దిక్కే చూస్తుండె. మెల్లగ అడిగింది:

"కర్నూలుల ఏడ దిగాలె పిల్లా?"