కుర్చీ వైపు పెట్టిన ఫోన్

బైబిల్ మీద చెయ్యి వేసి చెప్పమన్నా ఇదే చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి. ఇంకొకరు చెబితే నేనూ నవ్వేదాన్నే... కానీ ఇది మా ఇంట్లో, నా కళ్ల ముందు జరిగింది.

మా ఆయనకు ఫోన్‌తో వీడియోలు తీయడం పిచ్చి. చిలకలగూడలో మాది రెండు గదుల ఇల్లు. పుట్టినరోజు వచ్చినా, క్రిస్మస్‌కు కేక్ కోసినా ముందు లెన్సును చొక్కా అంచుతో తుడిచేవాడు. కిటికీ వెలుతురు మొహం మీద పడేలా మమ్మల్ని జరిపేవాడు. తీశాక కూర్చుని, వణికిన చోట్లు కత్తిరించి, మధ్యలో పడ్డ తన గొంతు తీసేసి, సంగీతం పెట్టేవాడు. ఫోన్‌లో జాగా లేదని అసలువి చెరిపేసేవాడు. సినిమా తీస్తున్నట్టు ఆ హడావుడి చూసి నేను వెక్కిరించేదాన్ని.

ఈమధ్యే గుండెనొప్పితో పోయాడు. జ్ఞాపకార్థ కూడికలో చూపించడానికి ఒక వీడియో చేద్దామని నేనూ, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి కీర్తనా కూర్చున్నాం. వెతికాం... వెతికాం. ఎంత శుభ్రంగా ఉన్నాయో ఆ వీడియోలు. అన్నిట్లో మేమిద్దరమే. ఆయన మొహం లేదు. గొంతూ లేదు.

"డాడీ ఒక్కదాంట్ల సుత లేడేంది మమ్మీ?" అంది కీర్తన. "ఒక్క మాట దొరికినా చాలు. గొంతు ఎట్లుంటదో మర్చిపోతనేమో అనిపిస్తుంది."

నాకు ఏడుపు ఆగలేదు. ఉన్న ఫొటోలే పెడదాం, చివర్లో డాడీ రోజూ కూర్చునే కుర్చీని నేను వీడియో తీస్తాలే అన్నాను.

కీర్తన పడుకున్నాక ఆయన ఫోన్‌నే మూడు కాళ్ల స్టాండుకు బిగించి, కుర్చీ వైపు పెట్టాను. చప్పుడు పడకూడదని ఫ్యాన్ ఆపేశాను. రికార్డు నొక్కి, పక్కన మంచం మీద కూర్చున్నాను. స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. తర్వాత అదీ లేదు...

కిర్ర్...

స్టాండు. ఫోన్ కదులుతోంది. మెల్లగా... చాలా మెల్లగా... కుర్చీని వదిలేసి నా వైపు తిరుగుతోంది. కిటికీ మూసే ఉంది. గాలి లేదు. స్టాండు మర వదులై ఉంటుంది అనుకున్నాను. వదులైతే కిందికి వంగాలి కదా... అది పైకి లేచింది. కొంచెం. కొంచెమే. నా మొహానికి ఎదురుగా ఆగింది.

ఆయన అలాగే తీసేవాడు. మొహం మధ్యలోకి వచ్చేదాకా ఊపిరి బిగపట్టి, వచ్చాక మెల్లగా వదిలేవాడు.

హుఁ...

విన్నాను. ఫోన్ వెనక నుంచి. ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని... ఆయన ఊపిరి నాకు తెలియదా?

ఒక్క ఉదుటున లేచి, ఫోన్ లాక్కుని ఆపేశాను. దుప్పటి ముసుగేసుకుని తెల్లారేదాకా ప్రార్థన చేస్తూనే ఉన్నాను.

పొద్దున కీర్తనకు చూపించాను. కుర్చీ... నా మొహం... ఆ ఊపిరి... అడ్డంగా నా చెయ్యి. అంతే. కీర్తన ఫోన్ చెవికి ఆనించుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ.

"నీ ఊపిరే కావచ్చు మమ్మీ," అంది. "డాడీదే అయితే... ఏమో చెప్పబోతుండె కదా. ఎందుకు బంద్ చేసినవ్?"

"భయమేసింది బిడ్డా."

అది నా వైపు చూసింది. కోపంగా కాదు.

"డాడీ అంటె భయమా?"

ఆ తర్వాత చాలా రాత్రులు ఫోన్ అలాగే పెట్టి కూర్చున్నాను. కదల్లేదు. ఆ రాత్రి ఫోన్ తిప్పింది ఆయనో, అరిగిపోయిన స్టాండు మరో... నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనే అయితే మాత్రం... తనను చూసి నేను భయపడటం చూసే వెళ్లిపోయాడు.