కుడి కంటి గీత

మిరపకల్లంలో తాలు ఏరడంలో మా కోడలు పెట్టింది పేరు. ఆ ఏడు మాత్రం నిగనిగలాడే ఎర్రకాయ తీసి, తెల్లబారిన తాలుకుప్పలో వేస్తోంది.

"ఏందే అమ్మాయ్, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అన్నాను.

"వెలిసిపోయిన కాయేగా అత్తయ్యా!" అంది. మిరపఘాటుకు కుడికన్ను మూసుకుని ఏరుతోంది; ఎడమకంటికి ఏ కాయైనా వెలిసినట్టే ఉందట.

పత్తికి మందు కొట్టిన చేత్తో కన్ను నులుముకుని ఉంటుందనుకుని చుక్కలు వేయించాం. ఆనక కాలు కూడా తిమ్మిరెక్కింది. బ్రాడీపేటలో నరాల డాక్టరుగారు స్కానింగు తీయించి, మల్టిపుల్ స్క్లీరోసిస్ అన్నారు. నాకు నోరు తిరగలేదు. కరెంటు తీగ మీద తొడుగు ఊడినట్టు నరం మీది పొర ఊడుతుందట. ఎడమకంటి నరం చెడింది, కుడిది నిలుస్తుందో లేదో ఏటా పరీక్ష చేసి చూడాలన్నారు.

మొదటి పరీక్ష నూనె దగ్గర ఆగింది. ఊరు దాటుతూ ఎండుతల ఏమిటని కోడలికి దట్టంగా నూనె రాసి జడ వేశాను. పరీక్షకని తల వెనక అంటించిన తీగలు జారిపోయాయి.

"ఈ నూనెలో గారెలు వేయించుకోవచ్చు! తలంటుకుని ఇంకోరోజు రండి" అంది పరీక్ష చేసే అమ్మాయి.

"మా వైపు ఎండుతలతో చావింటికే పోతారు" అన్నాను. మళ్ళీ బస్సు ఛార్జీలు దండగని షాంపూ పొట్లం కొని, అక్కడి కుళాయి కిందే తల రుద్దాను.

ఒక కంటికి గంత కట్టి, టీవీలో తారుమారయ్యే నలుపు తెలుపు గళ్ళు చూపించారు. కన్ను చూసింది మెదడుకు చేరగానే కాగితం మీద గీత గుట్టలా లేస్తుంది. ఎడమకంటిది ఆలస్యంగా లేచింది. కుడిది వేళకే లేచింది. అదే చాలనుకున్నాం.

మరుసటేడూ కుడిది నిలిచింది. ఆ పై ఏడు డాక్టరుగారు పాత గీతలూ కొత్త గీతా పక్కపక్కన పెట్టి చూశారు.

"కుడిది కూడా ఆలస్యమవుతోందమ్మా."

"ఆ కంటితో నాకు బాగానే కనబడుతోందండీ" అంది కోడలు.

"నీకు తెలియకముందే గీతకు తెలుస్తుంది తల్లీ."

బయట ఆటోవాడితో నేను బేరమాడుతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని రోడ్డు అవతలి బోర్డులు చదవసాగింది. ట్యుటోరియల్, రక్తపరీక్షలు, చీరల కొట్టు, వాటి కింది సన్న అక్షరాలు కూడా.

"చూడండత్తయ్యా, ఒక్కటన్నా తప్పు చదివానా?"

రెండో తరగతిలో బడి మానినదాన్ని. కూడబలుక్కుంటూ దాని వెనకే చదివాను. తప్పు లేదు.

"లేదే" అన్నాను. "ఆ మేడ మీదిది కూడా చదువు."