గంగామణక్క జబాబులో నేను రాయించిన ఒక వాక్యం

2022 ఫిబ్రవరి. నాందేడ్‌లోని ఒక ప్రభుత్వ దవాఖానా, కాలిన గాయాల వార్డు. అప్పటికి నేను వకాలతు మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు. మా నాన్న రైల్వే ఉద్యోగంతో నిజామాబాద్ నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. నేను మరాఠీలో చదువుకుని, ఈ ఊరి కోర్టులోనే నల్లకోటు వేసుకున్నాను. అందుకే మా తెలుగువాళ్లలో ఎవరికి పోలీసులతో, దవాఖానాతో పని పడినా ముందు నాకే ఫోన్ వస్తుంది. ఆ రోజు పొద్దున కూడా అలాగే వచ్చింది.

గంగామణక్క కేసు సంగతి మా కాలనీలోనే కాదు, బయట కూడా చాలామందికి తెలుసు. గ్యాస్ ఏజెన్సీ మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో గెలిచిన కేసు. తీర్పు వచ్చిన వారానికి మా సంఘం వాళ్లు నాకు శాలువా కప్పారు. నేను వద్దనలేదు. కప్పించుకుని ఫొటో కూడా దిగాను. అది చూసినవాళ్లు ఇప్పటికీ “ఆ కేసు మీరే గెలిపించారట కదా” అంటుంటారు. నేను నవ్వి ఊరుకుంటూ వచ్చాను. ఆ కేసు ఓడిపోయే దాకా తెచ్చింది ఎవరో, గెలిపించింది ఎవరో రాతపూర్వకంగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

గంగామణక్క ఇంట్లోనే కుట్టుపని చేసేది. జాకెట్లు, బడిపిల్లల యూనిఫారాలు. ఆమె చేత్తో కత్తిరించిన జాకెట్టు ఒంటికి అతికినట్టు కూర్చుంటుందని పక్క కాలనీల నుంచి కూడా వచ్చేవాళ్లు. భర్త పోశెట్టి రైల్వేలో ట్రాక్‌మన్. ఆ రోజు అతనికి వీక్లీ రెస్ట్. ఆమె చాయ్ పెడదామని స్టవ్ వెలిగించగానే, వంటింట్లో నిండి ఉన్న గ్యాస్ ఒక్కసారిగా అంటుకుంది. పోశెట్టి చెద్దరు కప్పి ఆర్పాడు. ఆమెకు రెండు చేతులు, మెడ, ఎడమ చెంప కాలాయి. అతని అరచేతులు కూడా బొబ్బలెక్కాయి.

పెళ్లయిన ఆడమనిషి కాలిన గాయాలతో దవాఖానాకు వస్తే దాన్ని ఎం.ఎల్.సి. అంటారు. మెడికో-లీగల్ కేసు. డాక్టరు పోలీసులకు కబురు పంపుతాడు, హవల్దారు వచ్చి రోగి చెప్పింది రాసుకుంటాడు. ఆ వాంగ్మూలాన్నే ఇక్కడ మరాఠీలో జబాబు అంటారు. పోలీసులకు మొదటి అనుమానం భర్త మీదే. ఆ అనుమానం ఊరికే పుట్టినది కాదు, అలాంటి ఘోరాలు చాలా జరిగాయి. కానీ ఏ తప్పూ చేయని మగవాడు కూడా ఆ ప్రశ్నల ముందు నీరుగారిపోతాడు. అందుకని నేను ఒక పద్ధతి అలవాటు చేసుకున్నాను. ఎవరి జబాబైనా నాలుగు వాక్యాల్లో ముగించేవాణ్ని. వంట చేస్తున్నాను. నా అజాగ్రత్త వల్ల మంట అంటుకుంది. ఇంట్లో ఎవరి తప్పూ లేదు. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఈ నాలుగూ రాయిస్తే పోలీసు కాగితం మడిచి వెళ్లిపోతాడు. అలా ఎన్నో ఇళ్లను కాపాడానని నాకు లోపల గర్వం.

హవల్దారు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పోశెట్టి చేతుల బొబ్బలు చూసి, “సకాళీ భాండణ్ ఝాలం హోతం కా?” అన్నాడు. పొద్దున కొట్లాట అయిందా అని. పోశెట్టి నా వెనక్కి జరిగాడు.

“సాబ్, నేనేం జెయ్యలే. మీరే జెప్పుండ్రి సాబ్” అన్నాడు.

గంగామణక్క కళ్లు తెరిచి నన్ను చూసింది. గొంతు బొంగురుపోయినా మాట స్పష్టంగానే ఉంది.

“తమ్మీ, మూడు దినాల సంది గ్యాస్ వాసన అస్తున్నది. ఏజెన్సోల్లకు ఫోన్ల మీద ఫోన్లు జేసిన. నిన్న ఒకడు అచ్చిండు. రబ్బర్ ఖరాబైందన్నడు, సిలిండర్ మార్చాలె, రేపు తెస్త, గప్పటిదాంక వాడుకోండ్రి ఏం గాదు అన్నడు. పోయిండు.”

“అక్కా, ఇప్పుడు గవన్ని వద్దు. ముందు పోశెట్టన్నను బయటెయ్యాలె.”

“గది రాయించు తమ్మీ.”

“మల్ల సూద్దాం అక్కా.”

హవల్దారుకు తెలుగు రాదు. “ఏమంటోంది?” అని నన్ను అడిగాడు. నేను నా నాలుగు వాక్యాలు మరాఠీలో చెప్పాను. రోగి స్పృహలో ఉందని డాక్టరు కింద సంతకం పెట్టాడు. ఆమె చేతులకు కట్లు ఉండటంతో కాలి బొటనవేలి ముద్ర వేయించారు. రాసింది ఆమెకు నేను చదివి వినిపించలేదు.

ఆ నాలుగు వాక్యాలు ఏం చేశాయో వెంటనే తెలియలేదు. ఫిర్యాదే లేదు కాబట్టి పోలీసులు సిలిండర్‌ను స్వాధీనం చేసుకోలేదు. మర్నాడు ఏజెన్సీ బండి వచ్చి దాన్ని తీసుకుపోయి కొత్తది ఇచ్చి వెళ్లింది. పోశెట్టి వాళ్లకు దండం కూడా పెట్టాడు.

గాయాలు మానాయి కానీ మచ్చలు గట్టిపడి కుడిచేతి వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. డాక్టర్లు దీన్ని కాంట్రాక్చర్ అంటారు. హైదరాబాద్‌లో ప్లాస్టిక్ సర్జన్ చూసి, రెండు ఆపరేషన్లు చేస్తే వేళ్లు తెరుచుకుంటాయని, ఆలస్యమైతే కీళ్లు బిగుసుకుపోతాయని చెప్పాడు. ట్రాక్‌మన్ జీతంతో అయ్యే పని కాదు. గ్యాస్ ప్రమాదాలకు బీమా ఉంటుందని ఎవరో చెబితే ఆమె ఏజెన్సీకి అర్జీ పెట్టుకుంది. జవాబుగా జబాబు నకలు వచ్చింది. మీ అజాగ్రత్త అని మీరే చెప్పారు, మాకు సంబంధం లేదు అని.

ఆమె ఆ కాగితం పట్టుకుని మధ్యాహ్నం నా ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“నా బిడ్డ సదివి చెప్పింది తమ్మీ. నా తప్పే అని రాయించినవట. ఫోన్ల ముచ్చట వెట్టి గ్యాస్ బంద్ జేసుడు మర్సిపోయిందని కాలనీల ఆడోళ్లు అంటుంటే, ఈ మాట ఏడికెళ్లి పుట్టింది అనుకున్న. నీ కాడికెళ్లి పుట్టింది.”

నేను పోశెట్టి కోసమే అలా చేశానన్నాను. ఆమె తలూపింది.

“నిజం రాయిస్తే ఆయన బయటపడకపోతుండెనా?”

బయటపడేవాడే. గ్యాస్ లీకైందని రాయిస్తే భర్త మీద అనుమానం తనంతట తనే పోయేది. నాకు అలవాటైన వాక్యాల తొందరలో ఎదురుగా ఉన్న నిజం పనికిరానిదిగా కనిపించింది.

ఏజెన్సీ మీద, గ్యాస్ కంపెనీ మీద ఫిర్యాదు వేశాను. ఏజెన్సీ వకీలు మొదటి విచారణలోనే జబాబు తీసి చదివాడు. వాసన కథంతా వకీలు దొరికాక అల్లిందే అన్నాడు. ఆమె నొప్పిలో ఏదో చెప్పి ఉంటుందని నేను వాదించాను. స్పృహలో ఉందన్న డాక్టరు సంతకం చూపించి నా నోరు మూయించాడు. మూడు వాయిదాలు అలా గడిచాయి. దారి ఒకటుందని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ దారిలో నడిస్తే తోటి వకీళ్ల ముందు తలెత్తుకోలేనని ఆగాను. అంతకంటే సిగ్గుపడాల్సిన పని కూడా చేశాను. ఏజెన్సీవాళ్లు రాజీ మాట ఎత్తితే, ఒప్పుకోమని ఆమెకే చెప్పాను.

“ఎంతిస్తరట?”

“ఆపరేషన్ ఖర్చుల సగం అస్తది అక్కా.”

“అంటే సగం వేళ్లు తెరుసుకుంటయా?”

ఆమే మళ్లీ అంది: “ఆ దినం నేను చెప్పంగ విన్నది ముగ్గురు. హవల్దారుకు తెలుగు రాదు. మా ఆయన మాట మొగని మాట, ఎవలు నమ్మరు. ఇగ మిగిలింది నువ్వే. పోయి చెప్పు.”

“నేను సాక్ష్యం చెప్తే నా పరువు…”

“నీ పరువు పోతది. నా చెయ్యి పోలే?”

వకీలే సాక్షి అయితే ఆ కేసు అతను నడపకూడదు. అది మా వృత్తి నియమం. వకాలత్‌నామా వదులుకుని, మా కోర్టులోనే ప్రాక్టీసు చేసే శుభాంగి అనే చిన్న వయసు వకీలుకు కాగితాలు అప్పజెప్పాను. ఆమె అంతా చదివి మరాఠీలో మొహం మీదే అడిగింది, “సర్, ఇది ఏడాది కిందే చేయాల్సింది కదా?” అని. నా అఫిడవిట్ ఆమే రాసింది. నేను రాసి ఇచ్చిన చిత్తులో ‘పొరపాటున’ అన్న మాట కొట్టేసి, ‘తెలిసి’ అని మార్చింది.

ఏజెన్సీ వకీలు నన్ను స్వయంగా ప్రశ్నించాలని కోరాడు. కమిషన్ అనుమతించింది. ఎన్నో ఏళ్లు మరొకరిని నిలబెట్టిన చోట నేను నిలబడ్డాను.

“అంటే రోగి చెప్పని మాటలు పోలీసుతో రాయించారు?”

“రాయించాను.”

“ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న వకీలు అయి ఉండి?”

“ఆ అనుభవం ఉండబట్టే. లేకపోతే ఆమె చెప్పింది చెప్పినట్టు రాయించేవాణ్ని.”

హాల్లో ఎవరో నవ్వారు. కమిషన్ అధ్యక్షురాలు నవ్వలేదు. మంచం మీద ఆమె సరిగ్గా ఏమందో చెప్పమన్నారు. నేను మొదట తెలుగులో, ఆమె అన్నట్టే చెప్పాను. తర్వాత మరాఠీలో చెప్పాను. మూడు దినాల వాసన, ఫోన్లు, వచ్చినవాడు రబ్బరు గురించి అన్నమాట, రేపు తెస్తానని, అప్పటిదాకా వాడుకోమన్నది. అన్నీ. అప్పటికి కేసు గాని, వకీలు ఫీజు గాని, నష్టపరిహారం ఆలోచన గాని ఎవరికీ లేవు. కాలిన రెండు గంటలకు ఆమె చెప్పిన మాట అది.

బయటికి వస్తే గంగామణక్క వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది.

“గింతేనా?” అంది. “గిది చెప్పుటానికి ఏడాది వట్టిందా తమ్మీ?”

నా సాక్ష్యం అయ్యాక గాలి మారింది. గ్యాస్ కంపెనీ తను బయటపడాలని చూసుకుంది. గంగామణక్క చివరి ఫోన్ ఏజెన్సీకి కాదు, సిలిండర్ మీద ఉన్న హెల్ప్‌లైన్ నంబరుకు చేసిందట. ఆ ఫిర్యాదు కంపెనీ కంప్యూటర్‌లో ఎక్కింది. తప్పంతా ఏజెన్సీదేనని చూపించడానికి కంపెనీ వకీలే ఆ రికార్డు తెచ్చి దాఖలు చేశాడు. ప్రమాదానికి ముందు రోజు వచ్చిన మెకానిక్ నమోదు చేసిన మాట అందులో ఉంది. వాల్వు రబ్బరు పాడైంది, సిలిండర్ మార్చాలి అని. నేను చెప్పిన మాటా, ఆ మెకానిక్ రాసిన మాటా ఒకటే. శుభాంగి ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి పది నిమిషాల్లో వాదన ముగించింది.

2024 వర్షాకాలంలో తీర్పు వచ్చింది. ఏజెన్సీ, కంపెనీ కలిసి రెండు ఆపరేషన్ల ఖర్చు, పోయిన సంపాదన, పడిన బాధకు పరిహారం ఇవ్వాలన్నారు. అప్పీలుకు వెళ్తారనుకున్నాం, వెళ్లలేదు. దసరా లోపే మొదటి ఆపరేషన్, సంక్రాంతి దాటాక రెండోది అయ్యాయి. చూపుడు వేలు పూర్తిగా వంగదు, మిగతావి వింటాయి. కత్తెర పట్టుకుంటుంది.

మిషన్ మళ్లీ మొదలుపెట్టే రోజున ఆమె కాలనీ ఆడవాళ్లందరినీ చాయ్‌కి పిలిచింది. ఫోన్ ముచ్చట అని చెప్పుకున్నవాళ్లు కూడా వచ్చారు. వాళ్లను మరీ మరీ పిలిచింది. నన్ను తీర్పు తెమ్మంది.

“తెలుగుల సదువు తమ్మీ. అందరికి ఇనవడాలె.”

మరాఠీ తీర్పును వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. ‘ఫిర్యాదుదారు వైపు ఎలాంటి అజాగ్రత్తా లేదు’ అన్నచోట ఆపి, మళ్లీ చెప్పమంది. చెప్పాను. “ఇంకోపారి” అంది. మూడోసారి చెబుతుంటే ఒకామె చాయ్ కప్పు కింద పెట్టి, “మమ్మల్ని ఇన్సల్ట్ జేసుటానికే పిలిసినవా గంగామణీ?” అంది. గంగామణక్క నవ్వుతూ, “ఆఁ, అందుకే. బిస్కిట్లు గూడ తినుండ్రి” అంది. గదంతా నవ్వింది, ఆమెతో సహా.

నేను కాగితాలు మడవబోయాను.

“ఏడో పేజీ తిప్పేసినవ్” అంది గంగామణక్క. “నా బిడ్డ ముందే సదివి చెప్పింది. గది నీ ముచ్చట. గది గూడ సదువు.”

చదివాను. రోగి మాటను పక్కనబెట్టి తన మాటను రాయించిన వకీలు ప్రవర్తన విచారకరమని, ఆలస్యంగానైనా అతను ఒప్పుకోవడం వల్లే సత్యం బయటపడిందని కమిషన్ రాసింది. మొదటి సగం దగ్గర నా గొంతు తగ్గితే, “ఇనవడ్తలేదు” అని వెనకనుంచి పోశెట్టి అన్నాడు. గట్టిగా చదివాను.

ఇప్పుడు కూడా వార్డుల నుంచి నాకు ఫోన్లు వస్తాయి. వెళ్తాను. ముందు రోగిని చెప్పనిస్తాను, ఎంతసేపైనా సరే. హవల్దారు విసుక్కుంటే విసుక్కోనిస్తాను. రాసింది తెలుగులో తిరిగి చదివి, ఇదేనా నువ్వు చెప్పింది అని అడిగాకే ముద్ర వేయిస్తాను. ‘నా తప్పు’ అన్న మాట ఆమె నోటి నుంచి వస్తే తప్ప నా నోటి నుంచి రాదు. ఈ పద్ధతి నాకు కాలేజీలో నేర్పినది కాదు, సీనియర్లు చెప్పినదీ కాదు. జబాబు రోగిది. నేను మధ్యలో భాష మాత్రమే. ఈ చిన్న సంగతి మంచం మీద పడి ఉన్న గంగామణక్కకు ఆ పొద్దునే తెలుసు.