గాలపు కర్రలు, కొత్త కుండ

మా ఆయనకు ఆదివారమంటే గాలం. పెళ్లయిన కొత్తలో బాపట్ల తీసుకెళ్లి సూర్యలంకలో సముద్రం చూపిస్తానన్నాడు. చూపించింది తన వీపు. పొద్దు వాలేదాకా నడుము లోతు నీళ్లలో నిలబడి, అరచెయ్యంత చేప ఒకటి తెచ్చాడు. అది తెలిసినప్పటి నుంచి మా నాన్నకు అల్లుడంటే చులకన. "తెనాల్లో సైకిల్ షాపు మూసేసి కాలవ గట్ల మీద కూర్చుంటాడు మావాడు," అని రేపల్లెలో కనపడ్డవాళ్లకల్లా చెప్పేవాడు.

ఇంటికొక సెల్ ఫోన్ వచ్చిన రోజుల్లో మా నాన్నకు టైఫాయిడ్ వచ్చి నెలరోజులు మంచాన పడ్డాడు. జ్వరమైతే దిగింది గానీ నోటికి ఏదీ సహించలేదు. పథ్యానికి కొరమీను మంచిదన్నారు. మా అన్నయ్య బజారు నుంచి తెచ్చి వండిస్తే మా నాన్న కంచం తోసేశాడు. "పెద్ద వేటగాడు అల్లుడున్నాడుగా! వాణ్ణి పట్టుకు రమ్మనండి. అప్పుడు తింటా."

అది వెటకారం. మా ఆయనకు పౌరుషం వచ్చింది. వేసవికి కాలవలు కట్టేశారు, రేపల్లె పక్క మడుగుల్లో కొరమీనులు చిక్కుతాయి. పట్టి పెడితే మామ నోరు మూతపడుతుంది. పట్టలేకపోతే బతికున్నంతకాలం ఆ నోటికి జవాబుండదు. పైగా ఆ ముసలాయన గంజి తప్ప ముట్టడంలేదు, అది నా బెంగ.

గాలాలు రెండూ నిలువు వెదురు కర్రలు, ఒక్కొక్కటి పన్నెండడుగులు. పొయ్యి మీద అటకలో పొగబట్టించి, ఆముదం పూసి నాకన్నా బాగా చూసుకున్నాడు. బస్సువాళ్లు ఎక్కించుకోరు.

"మధ్యకి కోసి అతుకు పెట్టించరాదటయ్యా," అన్నాను.

"నిన్ను కోసి అతుకు పెడితే పలుకుతావటే?" అన్నాడు.

సరే, బండి మీదే బయల్దేరాం. కొసలు విరగకుండా పాత తెల్ల పంచె చుట్టాడు. వానపాములు ఎండకు చావకూడదని తడిమట్టితో కొత్త కుండలో పోసి నా ఒళ్లో పెట్టాడు. నేను పక్కకు తిరిగి కూర్చున్నాను, ఒక చెయ్యి కుండ మీద, కర్రలు చంకలో. ముందు కొసలు ఆయన తల దాటి పోయాయి, వెనక మొదళ్లు నా వీపు దాటి పోయాయి. బండి మలుపు తిరిగినప్పుడల్లా నేనూ కర్రలతోపాటు తిరగాలి. దుమ్ముకు కళ్లు చింతనిప్పులయ్యాయి, జుట్టు ముడి ఊడిపోయింది.

దారి పొడుగునా ఏమి మర్యాద! ఎదురొచ్చిన లారీ రోడ్డు దిగి దారిచ్చింది. అరుగుల మీదవాళ్లు లేచి తలగుడ్డలు తీశారు. "చూశావుటే, గాలాలకు జనంలో ఎంత గౌరవముందో!" అని మా ఆయన పొంగిపోయాడు.

జంపనిలో టీకి ఆగితే ఒక ముసలామె దగ్గరికొచ్చింది.

"ఎవరికమ్మా ఇవి?"

"మా నాన్నకండి. రేపల్లెలో."

ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్లొత్తుకుంది. "గుండె దిటవు చేసుకో తల్లీ." నెలరోజులుగా అన్నం తినని మనిషి గురించి పైవాళ్లకింత బాధేమిటా అనుకున్నాను. ఆ టీకొట్టు దగ్గరే మా దూరపు చుట్టం ఒకడు మమ్మల్ని చూశాడట. పలకరించకుండా ఫోన్ తీశాడట, వాడి నోట్లో మన్నుపడ.

రేపల్లెలో మా వీధి నిండా జనం. టెంటు సామానువాడు కుర్చీలు దించుతున్నాడు. మా పెద్దమ్మ కొడుకు బాపట్ల నుంచి చామంతి దండతో దిగి, ఏడుపు మధ్యలో ఆపేసి గుడ్లప్పగించాడు. మా నాన్న వాకిట్లో మంచం మీద గంజి గ్లాసు పట్టుకుని, "ఎవరు పోయార్రా మన వీధిలో? ఒక్కడూ చెప్పడేంటి?" అని అరుస్తున్నాడు.

బండి ఆగింది. జనం పక్కకు తప్పుకున్నారు.

"ఏంటి బావా ఇది," అన్నాడు మా పెద్దమ్మ కొడుకు, "మనిషి కూర్చుని మాట్లాడుతుంటే వెదుర్లు తెచ్చావా?"

నేను కిందికి చూసుకున్నాను. రెండు వెదుర్లు. తెల్ల గుడ్డ. ఒళ్లో కొత్త కుండ. పాడెకు కావలసినవి ఒక్కటి తక్కువ కాకుండా నేనే మోసుకొచ్చాను.

మా నాన్న అల్లుణ్ణే చూస్తున్నాడు. మా ఆయన బండి దిగాడు. కుండలో చెయ్యి పెట్టి గుప్పెడు వానపాముల్ని పైకెత్తాడు. "గాలాలు మావయ్యా! చేపలకి! ఇదుగో ఎర!" ఆడవాళ్లు కెవ్వున వెనక్కి పడ్డారు.

మా నాన్న ముందు దగ్గాడు. కాసేపటికి అది నవ్వని తెలిసింది. నెల తర్వాత మొదటి నవ్వు.

"ఆ దండ ఇలా తేరా, ఎలాగూ కొన్నావుగా," అని మెడలో వేసుకున్నాడు. "అల్లుడూ, నా కోసం ఇంతమందిని పోగుచేశావు. వీళ్లందరికీ కూర నువ్వే చూడాలి మరి."

సాయంత్రానికి మా ఆయన మోచెయ్యంత కొరమీనుతో వచ్చాడు. ఒక్కటే. మా నాన్న మెడలో దండతోనే తిన్నాడు. "ఉప్పు తక్కువైంది," అన్నాడు, కంచం వేలితో తుడుచుకుంటూ.

మూడేళ్లకు మా ఆయనే ముందు పోయాడు. ఆ హడావుడిలో ఎవరో అటక మీది కర్రలు దించబోతే, మా నాన్న చేతికర్ర అడ్డం పెట్టాడు. "అవి చేపలకిరా. బజారుకెళ్లి వేరే తెండి."

నెల తర్వాత వాటిని రేపల్లె తీసుకెళ్లాడు. మా అన్నయ్య బండి నడిపాడు. వెనక కూర్చుని చంకలో కర్రలు పట్టుకున్నది మా నాన్న. కొసలకు తెల్ల గుడ్డ చుట్టబోతే కసిరాడు. నా ఎర్ర జాకెట్టు చింపించి కట్టించుకున్నాడు.