తుడవని బొట్టు

షార్జాలోని ఆ చిన్న యూనివర్సిటీలో ఆటలంటూ ఉన్నాయంటే అది కృష్ణవేణి మొండితనం వల్లే. కాకినాడలో డ్రిల్లు టీచరుగా చేసి, పెళ్లయ్యాక ఆ ఊళ్లోనే అల్ నహ్దా పేటకు కాపురానికొచ్చిన మనిషి. ఆమె ఉద్యోగంలో చేరిన రోజున అక్కడున్న క్రీడా సామగ్రి మొత్తం గాలిపోయిన ఫుట్‌బాల్ ఒకటే. అక్కణ్ణుంచి మొదలుపెట్టి అమ్మాయిల రిలే జట్టును అంతర్ కళాశాలల పోటీల దాకా లాక్కొచ్చింది.

ఆ జట్టుకు ఒక ఆచారం ఉంది. ఏటా ఆయుధపూజ నాడు కృష్ణవేణి బంతులూ, బూట్లూ, రిలే కర్రా కారులో వేసుకుని తన ఫ్లాటుకు తెచ్చేది. దేవుడి ముందు పేర్చి, అన్నిటికీ గంధం, కుంకుమ బొట్లు పెట్టేది. మలయాళీలూ, పాకిస్తానీలూ, ఈజిప్టు పిల్లా అందరూ వచ్చి పులిహోర తిని పోయేవారు. ఎవరి దేవుడు వాళ్లకున్నా ఆ బొట్టు మీద మాత్రం జట్టంతటికీ గురి కుదిరింది. పోటీల నాటికి అది ఎండి రాలిపోయి ఒట్టి మరక మిగిలేది.

2020లో కరోనా వచ్చి మైదానానికి తాళం పడింది. భర్త మురళీ ఆఫీసు మూతపడి, ఆయన కూడా భార్య వీసా మీదే ఉండిపోయాడు. చివరికి తాళం తీశారు. 2022లో ఆమె మళ్లీ జట్టును కూడగట్టుకునేసరికి, పై అధికారి, అందరూ ముదీర్ అని పిలిచే అర్షద్ సాబ్ తన గదికి రమ్మన్నాడు. ఆయనది హైదరాబాదు. కోపానికి ఉర్దూ, పనికి తెలుగు వాడతాడు.

"చూడండమ్మా, ఈసారి మెడల్ రాలేదంటే ఆటలు బంద్. మీ పోస్టు కూడా ఖలాస్. నా చేతిల ఏం లేదు."

ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఉన్న ఇల్లు ఖాళీ చేయాలి. క్రీడల కోటాలో సీటు తెచ్చుకున్న ఈ పిల్లల గతేమిటో అసలు ఆలోచించలేకపోయింది. "పరిగెత్తేది నువ్వు కాదు కదే, వాళ్లు కదా" అని మురళీ సముదాయించబోతే కసిరేసింది. నిజానికి ఆమె భయమంతా అదే. తాను చేయడానికి ఇంకేమీ మిగల్లేదు.

పోటీ రోజు పొద్దున్నే లేచి, స్నానం చేసి, గంధం చిక్కగా అరగదీసింది. పూజనాటి బొట్టు రాలిపోయిందని కర్ర చుట్టూ దట్టంగా పూసి, మీద కుంకుమ అద్దింది. ముందెన్నడూ అలా చేయలేదు. ఎంత ఎక్కువ పెడితే అంత మేలనిపించింది పిచ్చి తల్లికి.

మైదానంలో ఒకటే ఉక్కపోత. చివరి పరుగు అక్షయది. కరీంనగర్ వాళ్ల పిల్ల, నెమ్మదస్తురాలు. కర్రను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"మేడం, చెమటకి జారుతుందిది. జర తుడిచేస్త."

కృష్ణవేణి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "బొట్టు తుడుస్తానంటావేంటే? ఇవాళ అలాంటి మాట అనొచ్చా? అలాగే పట్టుకో."

మేడం మాటకు ఎదురు చెప్పే పిల్ల కాదు.

మూడో పరుగులో వైదేహి అందరికన్నా ముందు దూసుకొచ్చింది. అక్షయ చెయ్యి వెనక్కి చాచి, కర్ర అందుకుని, వేళ్లు బిగించింది. తడిసిన సబ్బుబిళ్లలా అది ఆ వేళ్లలోంచి జారి కిందపడి దొర్లిపోయింది. వంగి తీసుకుని, ఏడుస్తూనే పరిగెత్తి, అందరికన్నా చివర వచ్చింది.

అర్షద్ సాబ్ గ్యాలరీ మెట్లు దిగి వచ్చాడు. అక్షయ పిడికిలి వెనక్కి పెట్టుకుని నిలబడింది. "నాదే తప్పు సార్. సరిగ పట్టుకోలే."

ఆయన కృష్ణవేణిని పక్కకు పిలిచాడు. "ఒక్క పిల్ల నిర్లక్ష్యమని చెప్పండమ్మా. ఆమెను తీసేసి, మిగతా జట్టు కోసం ఇంకో ఏడాది అడుగుతా. మీ నోటితో అంటే చాలు."

సిగ్గుచేటే గానీ, అనేస్తే సరిపోతుందని ఆమెకు ఒక్క క్షణం అనిపించింది. అప్పుడే అక్షయ కళ్లు తుడుచుకుంది. పిడికిలి విప్పకుండా, మణికట్టుతో తుడుచుకుంది. పిల్లకు అంతా తెలుసునని కృష్ణవేణికి అర్థమైంది. కావాలనే ఆ చెయ్యి దాస్తోంది.

దగ్గరికి వెళ్లి ఆ పిడికిలి పట్టుకుంది.

"వద్దు మేడం," అక్షయ గొంతు తగ్గించి అంది. "మీ కొలువు పోతది."

కృష్ణవేణి వినలేదు. ఒక్కో వేలూ విప్పి, కుంకుమా గంధమూ కలిసి ముద్దయిన ఆ అరచేతిని అర్షద్ సాబ్ ముందుకు ఎత్తి పట్టింది.

"తుడుస్తానంది సార్. నేనే తుడవనివ్వలేదు."

హైదరాబాదులో పుట్టి పెరిగినవాడికి అదేమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ చేతిని చూసి, "ఖలాస్" అన్నాడు మెల్లగా. అందులో కోపం లేదు. వెళ్లిపోయాడు.

కృష్ణవేణి చున్నీ కొంగు తీసుకుని ఆ పిల్ల చెయ్యి తుడవసాగింది. ఎంత తుడిచినా ఎరుపు పోవడం లేదు.